భీమవరం దగ్గరి డీఅడిక్షన్ కేంద్రం: పీర్ వర్కర్లకు అండగా ఎవరున్నారు?

తాగుడు మాన్పించడానికి మా బావగారిని భీమవరం పరిసరాల్లోని ఒక డీఅడిక్షన్ కేంద్రంలో చేర్చాము. వైద్యం, భోజనం, గదుల శుభ్రత బాగున్నాయి. నేను ముఖ్యంగా రాయదలచింది అక్కడి పీర్ వర్కర్ల గురించి, అంటే తాగుడు మానాలనుకునేవారికి తోడుగా ఉండి వారి మాట వినేవారి గురించి, వారి పర్యవేక్షణ గురించి.

తాగుడు మాని నిలదొక్కుకున్నవారినే ఇక్కడ ఈ పనిలోకి తీసుకుంటారు. రొయ్యల చెరువు దగ్గర కాపలా ఉండే మా బావగారు, డాక్టరు గారికి చెప్పని సంగతులు కూడా, ఒకప్పుడు అదే పని చేసిన వర్కరుతో చెప్పుకున్నారు. అలాంటి మాటలు రోజంతా వినేవారి బాగోగులు చూడటానికి కూడా ఒకరుండాలి. ఇక్కడి సూపర్‌వైజర్ గారు వారానికొకసారి ఒక్కొక్కరితో విడిగా కూర్చుంటారని, కేసుల సంగతి ఎత్తకముందే నిద్ర పడుతోందా, రాత్రివేళ ఫోన్లు వస్తున్నాయా అని అడుగుతారని ఒక వర్కరు చెప్పారు. మొదట మాకు కేటాయించిన వర్కరు వరసకు దూరపు చుట్టమని తెలియగానే, ఇంటి గుట్టు ఊళ్లోకి పోకూడదని మరొకరిని ఇచ్చారు.

ఎవరి పని ఎంతవరకో రాసిన కాగితం గోడకు అంటించి ఉంది. మందుల మోతాదు చెప్పకూడదు, అప్పు ఇవ్వకూడదు. చాలాకాలంగా బాగా తాగేవారు హఠాత్తుగా మానేస్తే రెండు మూడు రోజుల్లో మూర్ఛ, మతిభ్రమ రావచ్చు కనుక, వణుకు గాని పొంతన లేని మాటలు గాని కనిపిస్తే వెంటనే డాక్టరుకు చెప్పాలని కూడా అందులో ఉంది. సంక్రాంతికి కోడిపందేల బరుల దగ్గర మద్యం పారే మూడు రోజులూ వర్కర్లను చికిత్స పొందినవారి ఇళ్లకు ఇద్దరిద్దరిగా పంపడం నాకు ఎంతో నచ్చింది.

నచ్చనివీ ఉన్నాయి. శిక్షణ ముగియగానే కొత్తవారిని మామూలు రోజుల్లో ఒంటరిగా పంపుతున్నారు. వ్యసనాలు, మానసిక ఆరోగ్యం సంగతి చూసే అమెరికా ప్రభుత్వ సంస్థ శాంసా పీర్ వర్కర్ల కోసం 2023లో ప్రకటించిన నమూనా ప్రమాణాలు 40 నుంచి 60 గంటల శిక్షణతో పాటు, పర్యవేక్షణలో 120 గంటల పని అనుభవం కూడా ఉండాలని సూచించాయి. అంత కాకపోయినా, కొన్నాళ్లు పాతవారిని తోడు పంపవచ్చు. అంతకన్నా పెద్ద లోపం, ఉద్యోగం పొడిగించేదీ కష్టం వినేదీ ఒకే సూపర్‌వైజర్ కావడం. మళ్లీ తాగాలనిపిస్తోందని ఆయన ముందు ఏ వర్కరు నోరు విప్పగలడు? వర్కరు మళ్లీ తాగుడులోకి జారితే జీతంతో సెలవిచ్చి వైద్యం చేయిస్తామని ఆయన నాతో మనస్ఫూర్తిగానే అన్నారు, కానీ ఆ హామీ కాగితం మీద లేదు.

ఆ హామీ రాతపూర్వకంగా ఇచ్చి, కష్టం వినడానికి వేరొకరిని నియమించాలని యాజమాన్యాన్ని కోరుతున్నాను. మీవారిని చేర్చేముందు మీరూ ఆ సంగతి అడగండి.