పబ్జీ గురి, పది మీటర్ల గురి: నల్లగొండలోని ఒక షూటింగ్ రేంజ్‌పై సమీక్ష

నల్లగొండ పట్టణంలో ఒక భవనం పై అంతస్తులో నడుస్తున్న పది మీటర్ల ఎయిర్ రైఫిల్, ఎయిర్ పిస్టల్ రేంజ్ గురించి ఈ సమీక్ష. అక్కడికి వచ్చేవారిలో ఎక్కువమంది హైస్కూలు, ఇంటర్ పిల్లలు. వారిలో చాలామంది ఫోన్‌లో బీజీఎంఐ (పబ్జీకి మన దేశపు రూపం), ఫ్రీ ఫైర్ మ్యాక్స్ వంటి తుపాకి ఆటలు ఆడి, ఆ ఉత్సాహంతోనే మెట్లెక్కినవారు. నేను కూడా ఒకప్పుడు నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ ఆడినవాడినే, డిగ్రీలో ఎన్‌సీసీ చేసినవాడినే. ఇంటర్ చదువుతున్న మా మేనల్లుడిని వెంటబెట్టుకొని కొంతకాలంగా అక్కడికి వెళ్తున్నాను కాబట్టి, రేంజ్ మంచిచెడ్డలు చెబుతూనే, తెరమీది తుపాకికీ చేతిలోని తుపాకికీ ఎక్కడ పొంతన కుదురుతుందో, ఎక్కడ కుదరదో కూడా రాయడం సముచితమనిపించింది. పిల్లలను పంపాలా వద్దా అని ఆలోచిస్తున్న తల్లిదండ్రులు అడిగే మొదటి ప్రశ్న కూడా అదే.

హాలు పెద్దదేమీ కాదు. ఒక వరుసలో కాల్చే స్థానాలు, ఎదురుగా పది మీటర్ల దూరంలో కాగితపు కార్డులు, వాటి వెనుక గుండును ఆపి కిందికి జార్చే ఇనుప పెట్టెలు. కార్డును తీగమీద ముందుకూ వెనక్కూ నడిపే చక్రాన్ని చేత్తోనే తిప్పుకోవాలి. ఎలక్ట్రానిక్ లక్ష్యాలు లేవు. అయితే భద్రత విషయంలో నిర్వాహకులు చూపే పట్టుదలకు పూర్తి మార్కులు వేయాలి. కాల్చనప్పుడు ప్రతి తుపాకి గొట్టంలోనూ ఈ చివరినుంచి ఆ చివరిదాకా ఒక రంగు తాడు దూర్చి ఉంటుంది; అది కనిపిస్తే లోపల గుండు లేదని దూరం నుంచే తెలుస్తుంది. కోచ్ 'లోడ్' అనకముందు గుండు పెట్టకూడదు, 'స్టాప్' అన్నాక వేలు ట్రిగ్గర్ దరిదాపుల్లో ఉండకూడదు, ఖాళీ తుపాకినైనా మనిషివైపు తిప్పకూడదు. పరాచికానికి పక్కవాడివైపు గొట్టం తిప్పిన ఒక కుర్రవాడిని ఆ పూటకు బయట కూర్చోబెట్టారు. ఆటలో సహచరుడి మీద తుపాకి ఎక్కుపెట్టి గంతులు వేయడం అలవాటైన పిల్లలకు ఈ ఒక్క నియమం ఒంటబట్టడానికే కొన్ని వారాలు పడుతోంది.

ఇక తుపాకి. పోటీల్లో వాడే ఎయిర్ రైఫిల్ గరిష్ఠంగా 5.5 కిలోల బరువు ఉండవచ్చునని నిబంధన. రేంజ్‌లో అద్దెకిచ్చేవి అంతకంటే కొంత తేలికే, అయినా నిలబడి ఎత్తి పట్టుకొన్న కాసేపటికే ఎడమ భుజం సంగతి తెలిసిపోతుంది. ఆటలో రెండు రైఫిళ్లు, ఒక పిస్తోలు, ఒక బాణలి మోసుకొంటూ గుట్టలెక్కే మనిషికి బరువు అనే బాధే ఉండదు. ఇక్కడ మొదటి పాఠమంతా బరువును కండరాల మీదినుంచి ఎముకల మీదికి మార్చడమే. ఎడమ మోచేతిని తుంటి ఎముక మీద ఆనించి, నడుమును కాస్త లక్ష్యం వైపు నెట్టి, నీళ్ల బిందె చంకనెత్తుకొన్న ఆడమనిషి నిలబడ్డట్టు నిలబడమని కోచ్ చెబుతారు. ఆ మాట విని పిల్లలు నవ్వుతారు గాని, అలా నిలబడగానే తుపాకి కుదురుకొంటుంది.

కుదురుకోవడం అంటే ఆగిపోవడం కాదు. మా వాడు మొదటిసారి సైట్‌లోంచి, అంటే తుపాకి మీద గురిచూసే అమరికలోంచి చూసి, "మామా, చుక్క మీద నిలబెడ్దమంటే నిలుస్తలేదు" అన్నాడు. పక్కనున్న కోచ్, "ఎవరికీ నిలవదు బిడ్డా. ఊగుతుంటదని ఒప్పుకొనే ట్రిగ్గర్ మీద వేలు పెట్టాలె" అన్నారు. నేను చూసినంతలో ఆటకూ రేంజ్‌కూ ఉన్న అసలు తేడా ఈ రెండు మాటల్లోనే ఉంది. ఫోన్‌లో గురి గుర్తు తెర నడుమ మేకు కొట్టినట్టు నిలిచి ఉంటుంది. శత్రువే పరుగెత్తుతాడు, మనం వేలితో ప్రపంచాన్ని జరిపి వాడిని ఆ గుర్తు కిందికి తెస్తాం. రేంజ్‌లో కార్డు గోడలా కదలకుండా ఉంటుంది, కదిలేది మనమే: గుండె కొట్టుకొన్నప్పుడల్లా సైట్ చిన్నగా ఎగురుతుంది, ఊపిరితో పైకీ కిందికీ పోతుంది, మడమ మీది బరువు కాస్త మారితే పక్కకు జరుగుతుంది. ఆటలో అలవడిన చురుకుదనమంతా కదిలే వస్తువును వెంటాడడానికి పనికొచ్చేది. కదలనిదాని ఎదుట దానితో ఏం చేయాలో తోచక పిల్లలు తికమక పడతారు.

ఎంత కదిలితే ఎంత తప్పుతుందో లెక్క వేస్తే ఆశ్చర్యం కలుగుతుంది. ఎయిర్ రైఫిల్ కార్డులో పది పాయింట్ల చుక్క వ్యాసం 0.5 మిల్లీమీటర్లు, గుండు వ్యాసం 4.5 మిల్లీమీటర్లు. రంధ్రం అంచు చుక్కను తాకితే పది వస్తుంది కనుక, గుండు నడిబొడ్డు అసలు కేంద్రం నుంచి 2.5 మిల్లీమీటర్లకు మించి పక్కకు పోకూడదు. ముందు సైట్‌కూ వెనుక సైట్‌కూ మధ్య ముప్పావు మీటరు దూరం ఉందనుకొంటే, ముందు సైట్ మిల్లీమీటరులో అయిదో వంతు జరిగినా పది కాస్తా తొమ్మిదిలోకి జారిపోతుంది. గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచింది ఈ పది మీటర్ల ఎయిర్ రైఫిల్ పోటీలోనే. ఫైనల్లో పది పాయింట్లను కూడా 10.9 వరకు దశాంశాలుగా విడగొట్టి లెక్కిస్తారు. ఫోన్‌లో గురి శత్రువు దగ్గరికి రాగానే కాస్త అతుక్కొనేలా చేసే ఎయిమ్ అసిస్ట్‌కు అలవాటుపడ్డవారికి ఈ లెక్కను మొదటిరోజే చెప్పకపోవడం మేలు.

ఊపిరి విషయంలో మాత్రం ఆటలు పూర్తిగా అబద్ధం చెప్పవు. కంప్యూటర్‌లో ఆడే పబ్జీలో స్కోప్ పెట్టి షిఫ్ట్ నొక్కితే ఊపిరి బిగపట్టినట్టు, గురి నిలకడగా మారుతుంది. కాసేపటికి ఆ శక్తి అయిపోతుంది. రేంజ్‌లోనూ సగం ఊపిరి వదిలి ఆపాక ఆరు నుంచి ఎనిమిది సెకన్లలోపు కాల్చమంటారు, దాటితే చూపు మసకబారుతుంది. అప్పుడు చేయవలసింది తుపాకి దించి, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడం. ఈ దించడమే పిల్లలకు మింగుడుపడదు. దించితే చచ్చిపోతామని ఆట నేర్పింది మరి. పోటీలో 60 గుండ్లకు 75 నిమిషాలు ఇస్తారు, అంటే సగటున గుండుకు 75 సెకన్లు. నిమిషానికి 600 చొప్పున కాల్చే ఏకే-47 తన 30 తూటాలను 3 సెకన్లలో ఖాళీ చేస్తుంది. మా వాడి వేలికి తెలిసిన లయ ఆ రెండోదే.

చూపు సంగతి మరొకటి. ఆటలో తుపాకి, గురి గుర్తు, దూరాన ఉన్న మనిషి అన్నీ ఒకేసారి స్పష్టంగా కనిపిస్తాయి. మన కన్ను ఒక సమయంలో ఒక్క దూరానికే కుదురుతుంది. ముందు సైట్ పదునుగా కనబడాలంటే కార్డు మీది నల్ల వృత్తం మసకగా కనబడక తప్పదు, దానికి ఒప్పుకోవాలి. కొట్టవలసినదాన్ని సరిగా చూడకుండా కొట్టడమేమిటని మా వాడు కొన్నాళ్లు మొండికేశాడు.

కాల్చిన తరువాత కూడా పని ఉంటుంది. ఎయిర్ రైఫిల్ గుండు వేగం సెకనుకు సుమారు 170 మీటర్లు, అసలైన రైఫిల్ తూటా ముందు ఇది నెమ్మదే. అందువల్ల ట్రిగ్గర్ నొక్కాక కూడా గుండు గొట్టంలో లిప్తపాటు ఉంటుంది, ఆలోపు తల ఎత్తి కార్డు చూస్తే తుపాకి జరిగి గుండు పక్కకు పోతుంది. కాల్చాక ఒకటి రెండు సెకన్లు అదే భంగిమలో ఉండిపోవాలి. నొక్కీ నొక్కగానే మరో చోటికి దూకే ఆటగాళ్ల అలవాటుకు ఇది నేరుగా ఎదురు.

గుండు నింపడం నాకు మాత్రం చాలా ఇష్టమైన భాగం. చిన్న రేకు డబ్బాలో 500 పెల్లెట్లు ఉంటాయి. ఒకటి తీసి వేళ్ల మధ్య తిప్పి చూడాలి. తల బల్లపరుపుగా, నడుము సన్నగా, కింద పలుచని అంచు. ఆ అంచు సొట్టపడితే పక్కన పెట్టేయాలి. మంచిదాన్ని బొటనవేలితో గొట్టం మొదట్లోకి నెట్టి మీట మూయాలి. బల్లపరుపు తల కాగితాన్ని చింపకుండా బిళ్ల కోసినట్టు గుండ్రంగా తొలుస్తుంది, కాబట్టి పాయింట్లు చూడడం తేలిక. ఇవి సీసంతో చేసినవి కనుక చేతులు కడగకుండా ఏదీ తినకూడదు. ఆటలోనైతే సగం వాడిన మ్యాగజైన్ పారేసినా మిగిలిన తూటాలు ఎలాగో సంచిలోకి వచ్చి చేరతాయి. మేము ఎన్‌సీసీలో .22 రైఫిల్ కాల్చినప్పుడు తూటాలు లెక్కపెట్టి ఇచ్చేవారు, ఖాళీ తొడుగులు లెక్కపెట్టి వెనక్కి తీసుకొనేవారు, ఒకటి తగ్గితే గడ్డిలో మోకాళ్ల మీద వెతకవలసిందే. మా జిల్లాలో సాయుధ పోరాటం నాటి భర్మార్ల గురించి పెద్దలు చెప్పగా విన్నవారికి ఇలా ఒక్కొక్క గుండునే నింపుకోవడం వింతగా తోచదు. గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు దించి, కూరి, ఆ తరువాతే ఒక్కసారి పేల్చగలిగే తుపాకి అది.

ఆటలను అన్నివిధాలా తీసిపారేయడం కూడా న్యాయం కాదు. దూరం పెరిగేకొద్దీ తూటా కిందికి వంగుతుందనీ, చేరడానికి సమయం పడుతుందనీ పబ్జీ ఆడేవారికి ముందే తెలుసు. పది మీటర్లలోనే గుండు 1.7 సెంటీమీటర్ల దాకా దిగుతుందని, సైట్లను దానికి తగ్గట్టు సరిచేసి ఉంచుతారని కోచ్ చెప్పినప్పుడు మా వాడు వెంటనే అందుకొన్నాడు. పరుగెత్తుతూ కాలిస్తే తగలదనీ, ఆగి కాల్చాలనీ కౌంటర్ స్ట్రైక్ నాకు నేర్పింది. కాల్చినప్పుడు తుపాకి వెనక్కి తన్నడం గురించి మాత్రం ఈ రేంజ్‌లో పోలిక వెతకకూడదు. ఎయిర్ రైఫిల్ గుండు శక్తి ఏడెనిమిది జౌళ్లు, ఏకే-47 తూటాది దాదాపు 2,000 జౌళ్లు. ఇక్కడ వినిపించేది 'టప్'మనే చిన్న శబ్దమే, భుజానికి తగిలేది దాదాపు ఏమీ ఉండదు. ఫోన్‌లో తెర అదిరిపోవడాన్ని ఆశించి వచ్చిన పిల్లల ముఖాల్లో మొదటి గుండుకే నిరాశ కనిపిస్తుంది.

పిస్టల్ ఇంకా కష్టం. పోటీ నిబంధన ప్రకారం ఒంటిచేత్తో, చేయి చాచి, ఏ ఆధారమూ లేకుండా పట్టుకోవాలి. 2024 పారిస్‌లో మను భాకర్ కాంస్యం గెలిచిన పది మీటర్ల పోటీ ఇదే. పది పాయింట్ల వృత్తం ఇక్కడ 11.5 మిల్లీమీటర్లకు పెరుగుతుంది, అయినా గుండు పెట్టి కాల్చడం మొదలైన తొలి నెలలో దానిని తాకినవారిని నేను చూడలేదు. కురుమూర్తి జాతరలో బుగ్గలు (బెలూన్లు) కొట్టే తుపాకితో బహుమతులు గెలిచామని వచ్చేవారికి ఒక మాట: ఆ సైట్లు వంకరగా ఉంటాయి, ఆ వంకరకు అలవాటుపడిన కన్ను ఇక్కడ మొదటినుంచి నేర్చుకోవలసిందే.

లోపాలు చెప్పాలి. రైఫిల్ పోటీకి తొడిగే బిగుతైన కాన్వాస్ కోటు అద్దెకిస్తున్నారు గాని కొలతలు రెండే. బక్కపలుచని పిల్లలకు అది గోనెసంచిలా వేలాడుతుంది, వదులైన కోటు నడుముకు ఏ ఆసరా ఇవ్వదు. మే నెలలో నల్లగొండ ఎండకు ఆ కోటులో అరగంట నిలబడడం శిక్షే. కూలర్ ఉంది, దాని గాలి కార్డులను ఊపుతోందని కాల్చే సమయంలో ఆపేస్తారు. తుపాకి సిలిండర్లలో గాలి నింపే ఏర్పాటు అక్కడ లేక, బయటికి పంపి తెప్పించడంతో కొన్ని సాయంత్రాలు సగం స్థానాలు ఖాళీగా ఉంటాయి, ఆ సంగతి వెళ్లేదాకా తెలియదు. చేతులు కడుక్కోమని గట్టిగా చెప్పేవారు కుళాయి దగ్గర సబ్బు ఉంచడం తరచుగా మరచిపోతారు. ఇవన్నీ ఉన్నా, ఒక్కొక్క పిల్లవాడి పక్కన నిలబడి భంగిమ సరిదిద్దే కోచ్ ఓపిక వల్ల నేను ఈ రేంజ్‌కు అయిదింటికి నాలుగు ఇస్తాను.

గంటకు 250 రూపాయలు, పెల్లెట్లు విడిగా. 4.5 మిల్లీమీటర్ల గొట్టం, 20 జౌళ్లలోపు శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు ఆయుధ లైసెన్సు అక్కరలేదు కనుక తల్లిదండ్రులు ఆ విషయంలో జంకనవసరం లేదు. ఆటల్లో కనిపించే ఆటోమేటిక్ తుపాకులు మాత్రం పౌరులకు పూర్తిగా నిషేధం, అవి ఏ రేంజ్‌లోనూ దొరకవు. మొదటి నెలంతా గుండు లేకుండానే నొక్కడం, నిలబడడం సాధన చేయిస్తారు, అందుకు సిద్ధపడే వెళ్లాలి. ఎడమచేతి వాటం పిల్లలకు సరిపడే రైఫిల్ అక్కడ ఒక్కటే ఉంది, అది కూడా తరచు మరమ్మతులోనే ఉంటుంది. అటువంటివారు ముందుగా ఫోన్ చేసి కనుక్కొని బయలుదేరడం మంచిది.