ఉక్కపోతలో సూటు: రెండు దుకాణాలు, మూడు వేసవులు

ఏడాదిలో ఎక్కువ నెలలు చెమట పట్టే చోట, కోటు వేసుకుని ఎదుటివారి ముందు కూర్చోవలసిన ఉద్యోగం నాది. రెడీమేడ్ సూట్లు భుజాల దగ్గర పట్టేసి, నడుము దగ్గర వదులై విసిగించడంతో, పనికి వేసుకునే బట్టలన్నీ కొలతలిచ్చి కుట్టించుకోవాలని మూడేళ్ల క్రితం నిర్ణయించుకున్నాను. ఇప్పటికి రెండు దుకాణాల్లో కలిపి మూడు సూట్లు, నాలుగు విడి ప్యాంట్లు, ఎనిమిది చొక్కాలు కుట్టించాను. ఇద్దరు దర్జీలూ కొలతలు జాగ్రత్తగానే తీసుకున్నారు, కుట్టు పని కూడా ఇద్దరిదీ శుభ్రంగానే ఉంది. అయినా మొదటి దుకాణంలో కుట్టించిన సూటు బీరువాలో ఉండిపోయింది. రెండో దర్జీ కుట్టినవి వారానికి రెండు మూడుసార్లు ఒంటి మీదికి వస్తున్నాయి. తేడా అంతా బట్ట నేతలోను, బయటికి కనిపించని లోపలి పొరల్లోను ఉంది.

మొదటి దుకాణంలో నాకు చూపించిన బట్ట ‘సూపర్ 150’ ఉన్ని. చేతికి పట్టులా తగిలింది, పలచగా ఉంది, వేసవికి ఇంతకు మించింది లేదని అమ్మే అతను గట్టిగా చెప్పాడు. ఆ అంకె దేన్ని చెబుతుందో నేను తరువాత తెలుసుకున్నాను. అది ఉన్ని పోగు ఎంత సన్నగా ఉందో చెప్పే కొలమానం: సూపర్ 100 అంటే పోగు మందం 18.75 మైక్రాన్లకు మించకూడదు, సూపర్ 120కి 17.75, సూపర్ 150కి 16.25. చల్లదనానికీ ఈ అంకెకూ సంబంధం లేదు. సన్నని పోగుతో నూలు వడికి, దాన్ని ఒత్తుగా నేస్తే బట్ట మెత్తగా, నునుపుగా వస్తుంది. కాని గాలి దూరే సందు మిగలదు. పైగా అంత సన్నని ఉన్ని త్వరగా నలుగుతుంది. ఉదయం ఇస్త్రీ చేసి వేసుకున్న ప్యాంటు మధ్యాహ్నానికల్లా మోకాళ్ల వెనుక ముడతలు పడి, సాయంత్రానికి నిద్ర లేచి వచ్చినట్టు కనిపించేది.

అంతకంటే పెద్ద చిక్కు లోపల ఉంది. ఆ కోటుకు మెడ నుంచి అంచు వరకు పాలిస్టర్ అస్తరు (లోపలి లైనింగు) వేశారు. సాధారణ ప్రయోగశాల పరిస్థితుల్లో, అంటే 65 శాతం తేమ ఉన్న గాలిలో, ఉన్ని తన బరువులో దాదాపు 16 శాతం తేమను, లినెన్ 12 శాతాన్ని, పత్తి 8.5 శాతాన్ని పట్టి ఉంచుకుంటాయి; పాలిస్టర్ పట్టేది 0.4 శాతం మాత్రమే. చెమటను ఇముడ్చుకోగల ఉన్నిని బయట పెట్టి, ఒంటికీ దానికీ మధ్య ప్లాస్టిక్ తెర కట్టినట్టయింది. రెండో వేసవిలో ఛాతీ భాగాన చిన్న చిన్న బుడగలు లేచాయి. ఆకారం నిలవడానికి లోపల పెట్టే పొరను కుట్టకుండా జిగురుతో అతికించారని అప్పుడు తెలిసింది. వేడి, చెమట, డ్రైక్లీనింగ్, ఇస్త్రీ కలిసి ఆ జిగురును ఊడగొట్టాయి. అలా లేచిన బుడగలను మళ్లీ అతికించి సరిచేయడం దాదాపు అసాధ్యం. దుకాణంవారు మర్యాదగానే మాట్లాడారు గాని, చేయగలిగింది లేదన్నారు.

రెండో దర్జీ నన్ను కొలతల దగ్గరికి తీసుకువెళ్లే ముందు బట్టల ముక్కలు చేతికిచ్చి, కిటికీ వెలుతురుకు ఎత్తి చూడమన్నారు. ‘పలచగా ఉందా అని కాదండీ, వెలుతురు కనిపిస్తోందా అని చూడండి’ అన్నారు. తరువాత బట్టను నోటికి ఆనించి ఊదమన్నారు. మొదటి సూటు బట్టలాంటి ముక్క మీద ఊపిరి ఆగిపోయింది. దానికంటే బరువైన మరో ముక్కలోంచి నేరుగా అవతలికి పోయింది. ఆ రెండోది ఎక్కువ పురి పెట్టిన నూలుతో నేసిన సాదా నేత ఉన్ని. పురి గట్టిగా పెట్టిన నూలు గుండ్రంగా, బిగువుగా ఉంటుంది కనుక, పడుగుకూ పేకకూ మధ్య సందులు తెరిచే ఉంటాయి. ఆ నూలుకు స్ప్రింగు గుణం వస్తుంది కనుక, నలిగినా రాత్రి హ్యాంగరుకు వేలాడదీస్తే తెల్లారేసరికి చాలావరకు సర్దుకుంటుంది. చేతికి కొంచెం గరుకుగా తగులుతుందన్నది నిజం. సున్నితమైన చర్మం ఉన్నవారికి తొడల దగ్గర గీరుకోవచ్చు.

బరువు విషయంలో నేను ఒక చోట మోసపోబోయాను. బట్ట బరువును కొందరు చదరపు మీటరుకు చెబుతారు, కొందరు నిడివి మీటరుకు చెబుతారు. సూటు బట్ట పన్నా, అంటే వెడల్పు, సాధారణంగా 150 సెంటీమీటర్లు కాబట్టి, నిడివి మీటరుకు 270 గ్రాములంటే చదరపు మీటరుకు 180 గ్రాములే. ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి ఒకటి తేలిక, ఒకటి బరువు అనుకుంటే పొరపాటు. నా రెండో సూటు నిడివి మీటరుకు 270 గ్రాములది. దానికంటే తేలికైన మొదటి సూటు కన్నా ఇదే చల్లగా ఉంది, వేలాడే తీరూ ఇదే బాగుంది.

కోటు లోపలి పనిలోనే ఈ దర్జీ నేర్పు నాకు ఎక్కువగా కనిపించింది. వీపు భాగాన అస్తరు పూర్తిగా తీసేసి, భుజాల కింద ఒక అర్ధచంద్రాన్ని, చేతులను మాత్రం ఉంచారు. చేతుల్లో అస్తరు లేకపోతే చొక్కా పట్టుకుని కోటు ఎక్కదు. వేసినచోట కూడా పాలిస్టర్ కాకుండా క్యుప్రో వేశారు. పత్తి గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగుతో తయారయ్యే ఈ బట్ట నునుపుగా ఉంటూనే తేమను పీల్చుకుంటుంది. అస్తరు తీసేస్తే పని తగ్గుతుందని, కుట్టుకూలి కూడా తగ్గాలని నేను వాదించాను. ఆ వాదన తప్పని కోటు తిరగేసి చూస్తే గాని అర్థం కాలేదు. దాచడానికి చోటు లేదు కనుక లోపలి ప్రతి కుట్టు అంచుకూ సన్నని పట్టీ మడిచి కుట్టవలసి వచ్చింది. ఛాతీలో జిగురు పొరకు బదులు జంతువుల వెంట్రుకలు కలిపి నేసిన కాన్వాస్‌ను కుట్టారు, భుజాల్లో దూది దాదాపు లేదు. చంకను పైకి కత్తిరించడంతో చెయ్యి ఎత్తినా కోటు లేవడం లేదు.

ఆయన మీద నాకున్న ఫిర్యాదు ఆలస్యం. కచ్చా కుట్టుతో ఒకసారి, చేతులు అతికించాక రెండుసార్లు తొడిగి చూశారు. చెప్పిన తేదీకి ఒక్కటీ చేతికి రాలేదు. ముఖ్యమైన సమావేశానికి వేసుకోవాలనుకుంటే కనీసం రెండు నెలల ముందే బట్ట ఇచ్చి రావాలి.

వేడి చోట డబ్బు ముందు ప్యాంట్ల మీద పెట్టాలన్నది నా అభిప్రాయం. కోటు కుర్చీకి తగిలించవచ్చు, ప్యాంటుకు ఆ వెసులుబాటు లేదు. తుంటి ఎముకల మీద కాక అసలు నడుము దగ్గర నిలిచేలా, తొడల దగ్గర రెండు వేళ్లు వదులుగా, ముందు ఒక్కొక్క కుచ్చుతో కుట్టించిన ప్యాంటులో కూర్చున్నప్పుడు గాలి ఆడుతుంది. బిగుతు ప్యాంటును ఎంత మంచి బట్టతో కుట్టినా చర్మానికి అతుక్కుంటుంది కాబట్టి నేత గుణమంతా వృథా. నేను బెల్టు కూడా మానేసి, నడుముకు రెండు పక్కలా బిగించే పట్టీలు పెట్టించాను. నడుము చుట్టూ తడిసే తోలు ఒకటి తగ్గింది. ముందువైపు మోకాలి వరకు పలచని అస్తరు వద్దంటే వద్దన్నాను గాని దర్జీ ఒప్పుకోలేదు. చెమట పట్టిన మోకాలికి ఉన్ని అతుక్కోకుండా జారనిచ్చేది అదేనని ఇప్పుడు ఒప్పుకుంటున్నాను.

చొక్కాల్లో పాప్లిన్ అన్ని రోజులకూ పనికొస్తుంది. బాగా ఉక్కగా ఉన్న రోజులకు పురి పెట్టిన నూలుతో నేసే వాయిల్ మేలు, అయితే లోపలిది కనిపిస్తుంది కనుక కోటు తీయని రోజున వేసుకోవాలి. ఇస్త్రీ అక్కరలేదని అమ్మే చొక్కాలు నాకు నచ్చలేదు. ముడత పడకుండా పత్తికి పట్టించే రెసిన్ అనే రసాయనం దాని పీల్చుకునే గుణాన్ని తగ్గిస్తుంది. రంగుల్లో తెలుపు, ముదురు నీలం చెమట మరకను దాస్తాయి, లేత బూడిద రంగు, లేత నీలం దాన్ని బయట పెడతాయి.

లినెన్ సూటు గురించి చాలామంది అడుగుతారు. నా మూడో సూటు అదే. చల్లదనంలో దానికి వంక పెట్టలేను, కాని పది నిమిషాల ప్రయాణానికే నలుగుతుంది. గంభీరమైన సమావేశాలకు నేను దాన్ని వేసుకోను. కోటును విడిగా, ఉన్ని ప్యాంటు మీద వేసుకుంటాను. పత్తి సూటుకు నలిగే గుణమూ ఉంది, తడిస్తే ఆరని గుణమూ ఉంది కనుక దాని జోలికి పోలేదు.

ఉన్ని సూటును వరుసగా రెండు రోజులు వేయకుండా, తీసిన వెంటనే బీరువాలో పెట్టకుండా, ఒక రాత్రి గాలికి ఉంచితే డ్రైక్లీనింగ్ అవసరం ఏడాదికి రెండుసార్లకు మించి రాలేదు. నేను చేసిన తప్పు ఒకటి మిగిలింది: రెండో సూటుకు ఒకే ప్యాంటు కుట్టించాను. కోటు ఇంకా కొత్తదిలాగే ఉండగా ప్యాంటు తొడల మధ్య పలచబడింది. అదే బట్ట కోసం వెళితే ఆ తాను ఎప్పుడో అయిపోయిందని చెప్పారు.