1970లో షోరూమ్‌కి వెళ్లి ఉంటే: హెమీ కుడానా, షెవెలా, బ్యూకా?

ఆగస్టు మూడో శనివారం డెట్రాయిట్ ఉత్తరాన వుడ్‌వర్డ్ అవెన్యూ పక్కన మడత కుర్చీ వేసుకుని కూర్చుంటే ఒక మాట పదేపదే చెవిన పడుతుంది: "అప్పుడే కొనేసి ఉండాల్సింది." తల నెరిసిన పెద్దవాళ్లు ఎదురుగా పోతున్న కారును చూస్తూ అనే మాట అది. 1995 నుంచి దాదాపు ఏటా ఇక్కడ వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్ జరుగుతోంది. ఫెర్న్‌డేల్ నుంచి పోంటియాక్ ఊరి దాకా రోడ్డంతా పాత కార్లే. అరవైల్లో ఇదే రోడ్డు మీద టెడ్స్, టోటెమ్ పోల్ లాంటి డ్రైవ్-ఇన్ హోటళ్ల దగ్గర కుర్రాళ్లు చేరి, సిగ్నల్ నుంచి సిగ్నల్‌కి పందేలు వేసుకునేవాళ్లు. కార్ల కంపెనీల ఇంజనీర్లు కూడా రాత్రిపూట తమ బండ్లు ఇక్కడికే తెచ్చి చూసుకునేవాళ్లట.

నోవై, ట్రాయ్, కాంటన్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్లలో చాలామందిమి ఈ కార్ల పరిశ్రమ మీదే బతుకుతున్నాం. ప్రతి ఏడూ మా నలుగురి మధ్య ఒకటే వాదన. 1970లో చేతిలో నాలుగు వేల డాలర్లు పెట్టుకుని షోరూమ్‌కి వెళ్తే ఏ కారుతో బయటికి రావాలి? ఇన్నాళ్లకు నా జవాబు నాకు గట్టిగా కుదిరింది, అందుకే రాస్తున్నాను.

ముందు 1970నే ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి. 1964లో పోంటియాక్ చీఫ్ ఇంజనీర్ జాన్ డెలోరియన్ బృందం మధ్యరకం టెంపెస్ట్ కారులో పెద్ద కారుకి వాడే 389 క్యూబిక్ అంగుళాల ఇంజిన్ పెట్టి జీటీవో అని అమ్మింది. మజిల్ కార్ల, అంటే మధ్యరకం ఒంటికి పెద్ద ఇంజిన్ తగిలించిన జోరు బండ్ల సందడి అసలు మొదలైంది అక్కడే. మధ్యరకం కార్లలో 400 క్యూబిక్ అంగుళాలకు మించిన ఇంజిన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ తనకు తానే హద్దు పెట్టుకుంది. 1970 మోడళ్లకు ఆ హద్దు తీసేశారు. దాంతో షెవర్లేకి 454, బ్యూక్‌కి 455 వచ్చాయి. అదే ఏడాది ప్లిమత్ కొత్త బారకుడాను దించింది, అందులో జోరైన రకమే కుడా. 1971కల్లా జనరల్ మోటార్స్ కాలుష్య నిబంధనల కోసం ఇంజిన్లలో కంప్రెషన్ (గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని నొక్కే మోతాదు) తగ్గించేసింది, దాంతో బలం పడిపోయింది. అంటే అన్నీ శిఖరం మీద ఉన్నది ఆ ఒక్క ఏడాదే.

పోటీలో మూడే పెడుతున్నాను: ప్లిమత్ హెమీ కుడా, షెవర్లే షెవెల్ ఎస్‌ఎస్ 454 ఎల్‌ఎస్6, బ్యూక్ జీఎస్ 455 స్టేజ్ 1. పొడుగు ముక్కు, వెనక ఎత్తైన రెక్క ఉన్న ప్లిమత్ సూపర్‌బర్డ్ ఏదీ అని అడుగుతారు. రేసు నిబంధన కోసం తయారైన ఆ బండి షోరూముల్లో అమ్ముడుపోక, కొందరు డీలర్లు ముక్కూ రెక్కా ఊడబీకి మామూలు రోడ్ రన్నర్‌గా మార్చి అమ్ముకున్నారు. 1969 షెవర్లే కమారో జెడ్‌ఎల్1 కథా దాదాపు అంతే. అల్యూమినియం ఇంజిన్‌కే నాలుగు వేల డాలర్ల పైన, మొత్తం కారు ఏడు వేలు దాటింది, తయారైనవి 69. మామూలు జీతగాడు కొనగలిగే కారు మీదే నా వాదన. అందుకే ఆ రెండూ పక్కన పెట్టాను.

ధరల సంగతి త్వరగా చెప్పేస్తాను. కుడా ధర దాదాపు 3,160 డాలర్లు, హెమీ ఇంజిన్ కావాలంటే దానిపైన మరో 871. షెవెల్ మాలిబూ వీ8 మీద ఎస్‌ఎస్ 454 ప్యాకేజీ, దానిపైన ఎల్‌ఎస్6 ఇంజిన్ కలిపితే సుమారు 3,600. బ్యూక్ జీఎస్ 455 దాదాపు 3,280, ఇంజిన్ బలం పెంచే స్టేజ్ 1కి కేవలం 200 చేర్చితే చాలు. గేరుబాక్సు, రేడియో వగైరా ఎక్స్‌ట్రా. అప్పట్లో అమెరికాలో మధ్యస్థ కుటుంబ ఆదాయం ఏడాదికి దాదాపు 9,900 డాలర్లు. పెద్దింటి పేరున్న బ్యూకే ఇక్కడ అన్నిటికంటే చౌకగా వస్తోంది. ఈ సంగతి మా వాదనల్లో ఎవరికీ గుర్తుండదు.

ఇక ఇంజిన్లు. ఇక్కడ కాస్త తీరిగ్గా కూర్చోవాలి.

హెమీ అంటే అర్ధగోళం. సిలిండర్ పైన మంట పుట్టే గది బోర్లించిన గిన్నెలా ఉంటుంది. దానివల్ల పెద్ద వాల్వులు ఎదురెదురుగా పెట్టుకోవచ్చు, గాలి ఒకవైపు నుంచి వచ్చి రెండోవైపు నుంచి సాఫీగా పోతుంది. ఇది పుట్టింది రేసు కోసం. 1964 డేటోనా 500లో రిచర్డ్ పెట్టీ ఈ ఇంజిన్‌తోనే గెలిచాడు. మరుసటి ఏడు రేసులు నడిపే సంస్థ నాస్కార్ దాన్ని ఆపేసింది. జనానికి అమ్మే కార్లలో కూడా ఉండాలన్న షరతు తీర్చడానికే 1966లో రోడ్డు మీదికి వచ్చింది. 426 క్యూబిక్ అంగుళాలు, అంటే 7 లీటర్లు. గాలి, పెట్రోలు కలిపే నాలుగు-బ్యారెళ్ల కార్బ్యురేటర్లు రెండు, 425 హార్స్‌పవర్. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది విజయవాడలో మా నాన్నగారి మారుతి 800లో. అలాంటివాడు మొదటిసారి ఈ బానెట్ కింద చూస్తే కళ్లు తిప్పుకోలేడు.

కుడా బానెట్ మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. అందులోంచి గాలి పీల్చే నల్లటి డొప్ప పైకి లేచి ఉంటుంది. దాన్ని బిగించింది బానెట్‌కి కాదు, ఇంజిన్‌కే. అందుకని బండి నిలబడి ఉన్నప్పుడు కూడా అది వణుకుతూనే ఉంటుంది. యాక్సిలరేటర్ తొక్కిన ప్రతిసారీ ఒక పక్కకి ఒరిగి మళ్లీ సర్దుకుంటుంది. లోపల నాలుగు గేర్ల రాడ్డుకి పిస్తోలు పిడిలాంటి పట్టు. ఈ రెండూ చూసి మనసు పారేసుకోని వాడు ఉండడు, నాతో సహా.

కానీ రేసు కోసం పుట్టిన ఇంజిన్ రేసులోనే సుఖంగా ఉంటుంది. హెమీ పూర్తి టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) 490 పౌండ్-అడుగులు అందేది 4,000 ఆర్‌పీఎం దగ్గర, అంటే ఇంజిన్ నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరిగినప్పుడు. ఊళ్లో పాలకి, కూరగాయలకి తిరిగితే రెండు కార్బ్యురేటర్ల పెట్రోలుకి ప్లగ్గులు నల్లబడి మిస్ కొడుతుంది. ఆ రెండు కార్బ్యురేటర్లూ ఒకే తీరుగా పని చేసేలా కలపడం చెయ్యి తిరిగిన మెకానిక్కే చేతనవుతుంది. ఇంజిన్ అంత వెడల్పుగా ఉండబట్టి పక్కల్లోకి చెయ్యి దూరదు.

షెవెల్ ఎల్‌ఎస్6 సంగతి వేరు. 7.4 లీటర్లు, కాగితం మీద 450 హార్స్‌పవర్. ఆ కాలంలో ఏ కంపెనీ ప్రకటించిన అంకె చూసినా అంతకంటే పెద్దది దాదాపు లేదు. టార్క్ 500, అది 3,600 ఆర్‌పీఎంకే అందుతుంది. ఒకే హోలీ కార్బ్యురేటర్, కాబట్టి తలనొప్పి తక్కువ. కౌల్ ఇండక్షన్ పెట్టించుకుంటే బానెట్ వెనక అంచున ఒక చిన్న తలుపు ఉంటుంది. యాక్సిలరేటర్ నిండా తొక్కితే అది పైకి లేచి అద్దం ముందు నుంచి గాలి లాగేసుకుంటుంది. సీట్లో కూర్చున్నవాడికి అది లేవడం కనిపిస్తుంది, ఆ సరదాయే వేరు. దీనికున్న పని ఒకటే: వాల్వుల్ని తెరిచే ట్యాపెట్లు సాలిడ్ రకం కాబట్టి అప్పుడప్పుడూ ట్యాపెట్ సెట్టింగ్ చేయించుకోవాలి. విడిభాగాలకు అప్పుడూ ఇప్పుడూ కొదవ లేదు. షెవర్లే బిగ్ బ్లాక్ విప్పడం రాని మెకానిక్ ఈ దేశంలో దొరకడం కష్టం.

మరి బ్యూక్? డాక్టర్లూ లాయర్లూ నడిపే కారని పేరు. స్టేజ్ 1కి కంపెనీ చెప్పిన అంకె 360 హార్స్‌పవర్, మామూలు 455 కంటే కేవలం 10 ఎక్కువ. పెద్ద వాల్వులు, వేరే క్యామ్, మార్చిన కార్బ్యురేటర్ పెట్టి పది గుర్రాలే పెరిగాయంటే నమ్మేవాళ్లు అప్పుడూ లేరు, ఇప్పుడూ లేరు. నేను చూసే అంకె మాత్రం వేరు. టార్క్ 510 పౌండ్-అడుగులు, అదీ 2,800 ఆర్‌పీఎం దగ్గర. సిగ్నల్ దగ్గర గ్రీన్ పడ్డాక మన కాలు మామూలుగా వెళ్లే చోటే పూర్తి బలం సిద్ధంగా ఉంటుంది. దీని పోత పలచన కాబట్టి ఇంజిన్ బరువు హెమీ కంటే వంద పౌండ్లకు పైగా తక్కువ. ముందు భాగం తేలికైతే మలుపుల్లో స్టీరింగ్ చెప్పిన మాట వింటుంది. 1970 జనవరిలో మోటార్ ట్రెండ్ పత్రిక పరీక్షలో ఈ కారు పావు మైలు దూరం 13.38 సెకన్లలో దాటింది. హెమీ కుడా, ఎల్‌ఎస్6 కూడా ఆనాటి పత్రికల్లో పదమూడు సెకన్ల చిల్లరలోనే ఉన్నాయి. పడవ లాంటి బ్యూక్ వాటి పక్కనే నిలబడిందన్నమాట.

దీనికి లోపం లేదా? ఉంది. ఆయిల్ పంపు ముందున్న అల్యూమినియం కవర్లో ఉంటుంది, అడుగునున్న ఆయిల్ అక్కడిదాకా చాలా దూరం ప్రయాణించాలి. ఎక్కువ ఆర్‌పీఎంలో ఎక్కువసేపు తిప్పితే బేరింగులకు ఆయిల్ చాలదు. రేసులు ఆడేవాడికి ఇది పెద్ద దెబ్బే. ఆఫీసుకి వెళ్లొచ్చేవాడికి ఆ అవసరం పడదు.

ఇంకొకటి, మనవాళ్లకి బాగా అర్థమయ్యేది. హెమీకి ఏసీ లేదు. డబ్బులిస్తామన్నా పెట్టేవారు కాదు. స్టేజ్ 1కి ఏసీ పెట్టించుకోవచ్చు. ఏసీ ఉంటే వెనక యాక్సిల్ నిష్పత్తి 3.64 బదులు 3.42 ఇచ్చేవారు, అంతే తేడా. ఎర్రటి జులైలో భార్యాపిల్లల్ని ఎక్కించుకుని నడపగల మజిల్ కారు ఈ మూడింటిలో నా లెక్కన ఇదొక్కటే. కుడా వెనక సీట్లో పెద్దవాళ్లు కూర్చోవడం శిక్ష, వెనక్కి చూస్తే రోడ్డు సరిగా కనిపించదు.

పెట్రోలు దగ్గర మూడూ ఒకే తాను ముక్కలు. గ్యాలన్‌కి పది మైళ్లు, అంటే లీటరుకి నాలుగు కిలోమీటర్ల పైచిలుకు ఇస్తే సంతోషించాలి. గ్యాలన్ ధర నలభై సెంట్ల లోపే కాబట్టి అప్పట్లో ఎవరూ దాని గురించి బాధపడలేదు.

బాధపెట్టింది ఇన్సూరెన్స్. పాతికేళ్లు నిండని, పెళ్లికాని కుర్రాడు హెమీ కుడా కొంటానంటే కంపెనీలు ప్రీమియం విపరీతంగా వేసేవి. కొన్ని అసలు పాలసీయే ఇచ్చేవి కావు. కారు కిస్తీ కట్టగలిగినవాడు కూడా ఇన్సూరెన్స్ కట్టలేక అమ్ముకున్నాడు. 1970లో హెమీ కుడా హార్డ్‌టాపులు 652, కన్వర్టిబుళ్లు 14 మాత్రమే తయారయ్యాయంటే దానికి ఇదొక ముఖ్య కారణం. మరుసటి ఏడు కన్వర్టిబుళ్లు 11కి పడిపోయాయి. 1973 అక్టోబరులో చమురు సరఫరా ఆగాక ఈ కార్లను అడిగిన నాథుడే లేడు.

ఇక్కడే మా అనకాపల్లి మిత్రుడు గొంతు పెంచుతాడు. "ఒరేయ్, ఆ పదకొండులో ఒకటి 2014లో సియాటిల్ వేలంలో 35 లక్షల డాలర్లకు పోయింది రా! ఇంకా బ్యూక్ అంటావేంటి?" వాడన్నది నిజం. డబ్బు లెక్కలో హెమీని కొట్టేది లేదు. కానీ ఆ లాభం కళ్లజూడాలంటే 1970లో కొన్నవాడు దాన్ని నలభై ఏళ్లు గరాజ్‌లో దాచాలి, పెళ్లిళ్లకీ ఇంటి అప్పులకీ అమ్మకుండా ఉండాలి, తుప్పు పట్టనివ్వకుండా చూసుకోవాలి. అలా చేసినవాళ్లు చాలా తక్కువ. కొత్తగా కొనడమంటే నడపడానికి కొనడమే అని నా పట్టు.

ఇప్పుడు కొనాలనుకునేవాళ్లకు ఒక జాగ్రత్త. హెమీ కుడా అసలుదో కాదో తేల్చడం కొంత సులువు, దాని వీఐఎన్‌లో (కారు గుర్తింపు నంబరులో) ఐదో అక్షరం ఆర్ అయి ఉండాలి. 1970 షెవెల్‌లో ఆ సౌకర్యం లేదు. వీఐఎన్ చూసి అది ఎస్‌ఎస్ అని కూడా చెప్పలేం, ఎల్‌ఎస్6 మాట అటుంచండి. ఫ్యాక్టరీ బిల్డ్ షీట్, అంటే కారులో ఏమేం బిగించాలో రాసిన కాగితం, ఉంటేనే నమ్మకం. ఆ కాగితం సీటు స్ప్రింగుల్లోనో పెట్రోల్ ట్యాంకు పైనో దొరికిన సందర్భాలున్నాయి. ఎల్‌ఎస్6 కార్లు తయారైనవి 4,475. రోడ్డు మీద ఆ పేరుతో తిరిగేవన్నీ నిజమైనవే అనుకుంటే మోసపోతాం. కాగితాలు లేకుండా ఆ ధర పెట్టొద్దు.

నా వరస ఇది. నడపడానికి బ్యూక్ స్టేజ్ 1. సొంతంగా విప్పి బిగించుకునే సరదా ఉంటే షెవెల్, అది బ్యూక్‌కి ఆట్టే దూరంలో లేదు. హెమీ కుడా మూడోది, అది చెప్పేటప్పుడు ఆ వణికే డొప్ప గుర్తొచ్చి మనసు చివుక్కుమంటుంది.

పోయిన ఏడు క్రూజ్‌లో మా పక్కన ఒక పెద్దాయన శాటర్న్ పసుపు రంగు జీఎస్‌ఎక్స్ నిలిపాడు, అది బ్యూక్ జీఎస్ 455లోనే ఒక ప్రత్యేక రకం. 1970లో 678 మాత్రమే తయారైన రకం. నేను చుట్టూ తిరిగి చూస్తుంటే తలుపు తీసి ఎక్కమన్నాడు. బానెట్ మీద, అద్దం అవతల, ఇంజిన్ ఎంత వేగంగా తిరుగుతోందో చూపే మీటరు ఉంది. సిగ్నల్ పడగానే ఆయన కాలు సగమే నొక్కాడు. ముల్లు మూడు వేలు దాటనేలేదు. నా వీపు సీటుకి అతుక్కుపోయింది, ముందున్న కారు దగ్గరికొచ్చేసింది, ఆయన మాత్రం మాట మధ్యలో ఆపకుండా మనవరాలి కాలేజీ గురించి చెప్తూనే ఉన్నాడు.