ఒహైయో రైతుకు ఏది మేలు: ఫ్లాట్‌బోటా, కీల్‌బోటా?

అమెరికాలో ఒహైయో నది లోయకు వలస వెళ్లినవారి గురించి రాసినప్పుడల్లా పాఠకులు అడిగే ప్రశ్న ఒకటే: 1800 ప్రాంతంలో అక్కడి రైతు తన పిండి పీపాలనూ ఉప్పు వేసిన పందిమాంసాన్నీ విస్కీనీ, ఒహైయో వెళ్లి కలిసే మిసిసిపీ నది దిగువనున్న న్యూ ఆర్లియన్స్‌కు చేర్చడానికి ఏ పడవ మేలు? ఎక్కువమంది కీల్‌బోటు వైపే మొగ్గుతారు. అది ఎగువకూ దిగువకూ నడుస్తుంది, ఫ్లాట్‌బోటు దిగువకు తప్ప పోలేదు. చూడడానికి తిరుగులేని వాదనే గాని, రైతు చేతిలో ఏముంది, ఏం లేదు అన్నది ఇందులో లెక్కకు రాలేదు.

ఫ్లాట్‌బోటు అంటే గోడలూ కప్పూ ఉన్న బల్లకట్టు. సుమారు 15 అడుగుల వెడల్పు, 50 అడుగులో అంతకు మించో పొడవు, అంతా పచ్చి ఓక్ పలకలే. గొడ్డలీ రంపమూ పట్టడం వచ్చిన రైతు చలికాలంలో ఇరుగుపొరుగుల సాయంతో తానే కట్టుకోగలడు. కొనాలన్నా పొడవు అడుగుకు ఒక డాలరు, మహా అయితే డాలరుంపావు. కీల్‌బోటు అలా కాదు. అడుగున వెన్నుదూలంతో, రెండు కొసలా సన్నగా, 7 నుంచి 10 అడుగుల వెడల్పుతో దాన్ని కట్టడానికి పనితనం తెలిసిన వడ్రంగి కావాలి.

నా దృష్టిలో అసలు తేల్చవలసింది తిరుగు ప్రయాణం సంగతి. కీల్‌బోటును ఎదురు నీటిలో నడిపే తీరు చూడండి. పడవకు రెండు పక్కలా నడకబల్లలుంటాయి. మనుషులు ముందు కొసన వరుసగా నిలబడి, గెడ నది అడుగుకు ఆనించి, రెండో కొసను భుజానికి మోపి, వంగి నెడుతూ వెనుక కొస దాకా నడుస్తారు; మళ్లీ ముందుకు పరుగెత్తి అదే పని మొదలుపెడతారు. గెడకు లోతు అందని చోట ఒడ్డున దిగి పొడవాటి మోకుతో లాగుతారు. అదీ కుదరకపోతే గట్టు మీది పొదలను పట్టుకొని పడవను ముందుకు ఈడుస్తారు. న్యూ ఆర్లియన్స్ నుంచి ఒహైయో ఒడ్డునున్న లూయివిల్‌కు ఇలా మూడు నాలుగు నెలలు పట్టేది. అన్ని నెలల కూలీ, తిండి ఖర్చు భరించాలంటే తెచ్చే సరుకు విలువైనదై ఉండాలి. పంచదార, కాఫీ దిగువ నుంచి తేవచ్చు, నిజమే. కాని లోయకు ఎక్కువగా కావలసిన బట్టలూ ఇనుప సామానూ ఫిలడెల్ఫియా, బాల్టిమోర్ల నుంచి కొండలు దాటి బండ్ల మీద ఒహైయో మొదట ఉన్న పిట్స్‌బర్గ్‌కు వచ్చి, అక్కడి నుంచి నీటివాలున దిగేవి. బరువైన సరుకు నది దిగేది, తేలికైన సరుకు కొండ దాటేది. ఈ చక్రంలో రైతు పడవకు వెనక్కి రావలసిన పనే లేదు, రావలసింది మనిషి.

మనిషి నడిచి వచ్చేవాడు. మిసిసిపీ ఒడ్డునున్న నాచెజ్ నుంచి నాష్‌విల్ దాకా 440 మైళ్ల అడవి బాట, నడుముకు అమ్మకపు సొమ్ము, దారిలో దొంగల భయం. ఫ్లాట్‌బోటు ఖర్చు లెక్కలో ఈ నడకను కూడా వేసుకోవలసిందే. వేసుకున్నా రైతుకు అదే చవక.

దాని లోపాలు చిన్నవేమీ కావు. నీరు పెరిగే వరకు ఆగాలి కనుక అందరి పడవలూ ఒకేసారి బయలుదేరి, ఒకేసారి న్యూ ఆర్లియన్స్ చేరి ధర పడగొట్టేవి. పైగా రేవు తప్పితే వెనక్కి తిరగడం గగనం. అందుకే కాబోలు, ఊళ్ల పేర్లు కూడా నీటి మీద వచ్చేవాడి కంటితో పెట్టినట్టుంటాయి: ఒహైయో ఒడ్డునున్న సిన్సినాటి తొలి పేరు లొసాంటీవిల్‌కు లికింగ్ నది ఒహైయోలో కలిసే చోటికి ఎదురుగా ఉన్న ఊరని అర్థం. 1790లో గవర్నరు సెయింట్ క్లెయిర్ ఆ పేరు మార్చాడు. దిగువన మిసిసిపీలో లంకలకు పేర్లు చాలక ఒహైయో సంగమం నుంచి వరుసగా అంకెలు వేశారు.

న్యూ ఆర్లియన్స్‌లో సరుకు దించే హక్కును 1802లో, ఆ నగరం స్పెయిన్ పాలనలో ఉండగా, అక్కడి స్పెయిన్ అధికారి రద్దు చేసినప్పుడు ఏ పడవ వాడికైనా దెబ్బే. మరుసటి ఏడు అమెరికా ఆ నగరం ఉన్న లూసియానా ప్రాంతాన్ని కొన్నాక ఆ బెడద పోయింది.

ఇక మిగిలిన రవాణా మార్గాలు. గుర్రం మీద కొండదారిన నాలుగు బుషెళ్ల (బుషెల్ అంటే ధాన్యపు కొలత) రై ధాన్యం పోతే గొప్ప. అదే విస్కీ కాస్తే 24 బుషెళ్ల పంట ఒక్క గుర్రం మీద పోతుంది. దొన్నెలు సొంత ప్రయాణాలకు చాలు. మిస్సోరీలాంటి నదిలో ఎగువకే పోవలసి ఉంటే మాత్రం కీల్‌బోటుకు సాటి లేదు. 1804లో పడమటి ప్రాంతాల అన్వేషణకు బయలుదేరిన లూయిస్, క్లార్క్ ఎక్కింది 55 అడుగుల కీల్‌బోటే.

1811లో తొలి ఆవిరి పడవ పిట్స్‌బర్గ్ నుంచి దిగువకు బయలుదేరింది. 1815లో మరొకటి న్యూ ఆర్లియన్స్ నుంచి లూయివిల్‌కు 25 రోజుల్లో ఎదురెక్కింది. దానితో పెద్ద నదుల్లో కీల్‌బోటు పని అయిపోయింది. ఫ్లాట్‌బోట్లు మాత్రం ఆ తరువాత ఇంకా పెరిగాయి, ఎందుకంటే నడక తప్పింది: 1828లో పంతొమ్మిదేళ్ల లింకన్ ఇండియానా నుంచి ఫ్లాట్‌బోటులో సరుకుతో దిగి, ఆవిరి పడవలో ఇంటికి వచ్చాడు. అమ్మకం అయ్యాక పడవనూ విప్పి కలపగా అమ్మేసేవారు. న్యూ ఆర్లియన్స్‌లోని కొన్ని పాత ఇళ్లలో ఆ పలకలే గోడలయ్యాయి. చెక్క మేకులు దిగిన బెజ్జాలు వాటిలో ఇప్పటికీ కనిపిస్తాయి.