బండి మీంచి పడ్డాక కొనే ఎల్‌ఎస్ బెల్టు: దేనికి పనికొస్తుంది, దేనికి రాదు

యాక్సిడెంట్ తర్వాత నడుం పట్టేస్తే ఇంట్లోవాళ్లు ముందు మెడికల్ షాపు నుంచి తెచ్చేది ఎల్‌ఎస్ (లంబో-సేక్రల్, అంటే నడుము కింది భాగానికి కట్టే) బెల్టే. టైనార్, విస్కో, ఫ్లెమింగో, పేరేదైనా తయారీ దాదాపు ఒకటే: వెడల్పాటి ఎలాస్టిక్ పట్టీ, వెన్ను వైపు నిలువుగా బద్దలు, ముందు వెల్‌క్రో, పక్కల నుంచి లాగి బిగించే మరో రెండు పట్టీలు. మా రేటింగ్ ఐదుకు మూడు. ఆ మూడూ సరైన మనిషికి, సరైన సైజులో, కొద్ది వారాలకే.

డబ్బు పెట్టేముందు తేలాల్సింది దెబ్బ డిస్క్‌కా (వెన్నుపూసల మధ్య ఉండే మెత్తటి దిండు), ఎముకకా అన్నది. పిర్రల మీద కూలబడ్డా, ఎత్తు నుంచి పడ్డా పూస నలిగేది ఎక్కువగా టీ12 (ఛాతీ వెనక చివరి పూస), ఎల్1 (నడుము మొదటి పూస) దగ్గర. ఈ బెల్టు అంత పైదాకా గట్టిగా పట్టదు. అక్కడ విరిగితే డాక్టర్లు భుజాల దాకా పట్టే టేలర్ బ్రేస్ లాంటివి రాస్తారు. కాబట్టి ముందు ఎక్స్‌రే. ఎక్స్‌రే బాగుందంటే డిస్క్ బాగుందని కాదు, డిస్క్ అందులో కనపడదు. దానికి ఎంఆర్ఐ కావాలి. మూత్రం రాకపోయినా, తెలియకుండా పోతున్నా, మల ద్వారం చుట్టూ స్పర్శ పోయినా, పాదం పైకి లేవకపోయినా బెల్టు గురించి ఆలోచించకండి, అదే రోజు పెద్దాసుపత్రికి వెళ్లండి.

డిస్క్ దెబ్బతినేది ఎక్కువగా నడుము అడుగున, ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1 పూసల మధ్య. బయటికి పొడుచుకొచ్చిన డిస్క్‌ను బెల్టు లోపలికి నెట్టదు, డబ్బా మీద ఏం రాసినా సరే. వంగనివ్వకుండా గుర్తుచేస్తుంది, పొట్టకు కాస్త ఆసరా ఇస్తుంది, అంతే. బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2016 మార్గదర్శకాల్లోనైతే నడుం నొప్పికి, సయాటికాకు (నడుం నుంచి కాల్లోకి లాగే నొప్పి) బెల్టులు ఇవ్వొద్దనే ఉంది. అయినా తొలి రెండు మూడు వారాల్లో బస్సు ప్రయాణానికి, నిలబడి చేసే పనికి కొందరికి ఊరటగా ఉంటుంది కాబట్టే మూడు మార్కులు.

సైజు దగ్గరే సగం బెల్టులు చెడతాయి. ప్యాంటు సైజు చెప్పి కొనకండి. టేపుతో కొలవండి, ఎక్కడ కొలవాలో డబ్బా మీద బొమ్మ ఉంటుంది. రెండు సైజుల మధ్య పడితే రెండూ కట్టి చూడండి. ఫ్రీ సైజు రకాల జోలికి పోవద్దు. అయస్కాంతాలు పెట్టామన్న వాటికి అదనంగా ఒక్క రూపాయి కూడా దండగ.

పలుచటి కాటన్ బనియన్ మీద, నిలబడి కట్టాలి. బద్దలు వెన్నుపూసకు అటూ ఇటూ రావాలి, సరిగ్గా పూస మీద కాదు. బెల్టు కింది అంచు పిర్రల మొదలు దాకా దిగాలి. చాలామంది పొట్ట పైకి, పక్కటెముకల మీదికి కడతారు. అప్పుడది నడుముకు కాదు, ఊపిరికి అడ్డం. ఊపిరి వదిలి ముందు వెల్‌క్రో వేసి, తర్వాత పక్క పట్టీలు రెండూ సమానంగా లాగండి. కూర్చుంటే తొడలకు గుచ్చుకోకూడదు, లోపలికి రెండు వేళ్లు దూరాలి.

పొట్ట ఉన్నవాళ్లకు ముందు భాగం మడతపడి పైకి చుట్టుకుంటుంది. ఇది ఈ బెల్టుల అసలు లోపం. మన ఎండలకు చెమటకాయలు ఖాయం, వెల్‌క్రోలో దారాలు చేరితే పట్టు పోతుంది. ఉతికేటప్పుడు బద్దలు తీసి, వెల్‌క్రో మూసి, చేత్తో ఉతికి నీడన ఆరేయండి.

ప్రయాణంలో, పనిలో కట్టుకుని, పడుకునేటప్పుడు తీసేయాలి. నెలల తరబడి వదలకపోతే దాని మీదే ఆధారపడడం అలవాటై, కదలాలంటేనే భయం పట్టుకుంటుంది. అసలు పని మందులది, నడకది, ఫిజియోథెరపిస్టు నేర్పే వ్యాయామాలది. ఒకటి రెండు రోజులకు మించి మంచం పట్టకూడదు. కాల్లోకి లాగే నొప్పి చాలామందికి ఆరు నుంచి పన్నెండు వారాల్లో తగ్గుతుంది. పొడుచుకొచ్చిన ముక్క దానంతటదే కుంచించుకుపోవడమూ మామూలే. తగ్గకపోతే నరం దగ్గర స్టెరాయిడ్ ఇంజెక్షన్, అదీ చాలకపోతే, లేదా కాలి బలం తగ్గుతూ వస్తే మైక్రోడిసెక్టమీ, అంటే చిన్న కోతతో నరాన్ని నొక్కే డిస్క్ ముక్కను తీసేసే ఆపరేషన్. ఆ ఆపరేషన్ బాగా తగ్గించేది కాలి నొప్పినే, నడుం నొప్పి సంగతి అంత నమ్మకంగా చెప్పలేం.

రోడ్డు ప్రమాదమైతే బెల్టు కూడా డాక్టర్ చీటీ మీద రాయించుకుని, పేరుతో బిల్లు తీసుకోండి. క్లెయిమ్ కేసులో మందుల ఖర్చు కింద చూపడానికి చీటీ, బిల్లు రెండూ కావాలి.