పాత జిప్సీ కొనేముందు ఛాసిస్ నంబర్ చుట్టూ గీకి చూడండి

బెంగళూరు చుట్టుపక్కల పాత మారుతి జిప్సీ కోసం తిరుగుతున్నవాళ్లు దయచేసి ఇది చదివాకే అడ్వాన్స్ ఇవ్వండి. మేం నలుగురు స్నేహితులం డబ్బులేసుకుని కొన్న బండి రెండు నెలలుగా కె.ఆర్.పురంలో మా ఇంటి ముందు టార్పాలిన్ కింద పడి ఉంది. దాన్ని బాగుచేసుకోలేం, అమ్ముకోలేం, చివరికి తుక్కుకు కూడా వేయలేం.

మాది మదనపల్లె. మా మావయ్య పోలీసు శాఖలో జిప్సీ నడిపేవాడు. చిన్నప్పుడు ఆ బండి వెనక సీటులో కూర్చుని ఘాట్ రోడ్డు ఎక్కిన రోజులు నేనింకా మర్చిపోలేదు. 1985లో వచ్చిన ఆ బండి తయారీ ఆగిపోయాక పాతవాటికి గిరాకీ బాగా పెరిగింది. గిరాకీ ఉన్నచోట ఇలాంటి మోసం కూడా ఉంటుందని మాకు తట్టలేదు.

హొసకోటె వైపు ఒక యార్డులో 1997 మోడల్ జిప్సీ కింగ్ చూశాం. 1.3 లీటర్ పెట్రోల్ ఇంజన్. చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాం, పొగ లేదు. ఫోర్ వీల్ లివర్ వేసి యార్డులోనే మట్టిలో తిప్పాం, చక్కగా లాగింది. కింద దూరి చూస్తే ఛాసిస్, అంటే బండి అడుగున ఉండే ఇనుప చట్రం మొత్తం కొత్త నల్ల కోటింగ్‌తో నిగనిగలాడుతోంది. పాత ఓనర్ బండిని ఎంత జాగ్రత్తగా చూసుకున్నాడో అని ముచ్చటపడ్డాం. అదే మేం చేసిన మొదటి తప్పు. పాతికేళ్లు దాటిన బండికి అమ్మే ముందు కొత్త కోటింగ్ వేయించారంటే, దాని కింద ఏముందో చూడకుండా కదలకూడదు.

ఛాసిస్ నంబర్ అడిగితే అమ్మినాయన ముందే నంబర్ మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది తీసిపెట్టుకున్న ప్రింట్ చేతికిచ్చాడు. "ఆర్టీఓ పనికి తీశానన్నా, చూసుకోండి" అన్నాడు. ఆర్సీతో అక్షరం అక్షరం సరిపోయింది. బండి మీద మా చేత్తో మేం ప్రింట్ తీసుకోలేదు. ఇది రెండో తప్పు. 2,40,000కి బేరం కుదిరింది, అందులో 1,50,000 నగదుగా ఇచ్చేశాం, మిగతాది బ్యాంకులో వేశాం. నగదుకు రసీదు లేదు.

మూడో ఆదివారం బాడీ బోల్టులు విప్పి, పక్కింటి కుర్రాళ్లను కూడా పిలిచి ఆరుగురం కలిసి బాడీ ఎత్తి పాత టైర్ల మీద దించాం. మా హిందూపురం మిత్రుడు గ్రైండర్‌కి వైర్ బ్రష్ బిగించి వెనక కమాన్ కట్టల దగ్గర మొదలుపెట్టాడు. కోటింగ్ లేచిపోయింది. దాని కింద ఇనుము కనిపించాల్సిన చోట తెల్లటి పుట్టీ, దాని కింద ఫైబర్ గుడ్డ. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే లోపలికి దిగిపోయింది. జిప్సీ ఛాసిస్ పెట్టెలా మూసి ఉండే గొట్టం. బురద నీళ్లు లోపల చేరితే తుప్పు లోపలి నుంచే తింటూ వస్తుంది, పైకి కనిపించేసరికి సగం పోయి ఉంటుంది. సరే, వెల్డింగ్ చేయించుకుందాం, పాత బండి అన్నాక తప్పదు అనుకున్నాం.

తర్వాత ముందు కుడి చక్రం వైపు వచ్చాం. ఛాసిస్ నంబర్ గుద్దిన చోట గ్రైండర్ పెట్టలేదు, చేత్తోనే మెల్లగా రుద్దాను. నంబర్ చుట్టూ సన్నటి గీత కనిపించింది. ఇంకాస్త రుద్దితే ఆ గీత నాలుగు మూలలూ తిరిగి వచ్చింది. జానెడు పొడవు, మూడు వేళ్ల వెడల్పు ముక్క. వేరే బండి నుంచి నంబర్ ఉన్న ముక్కను కోసి తెచ్చి ఇక్కడ అతికించి, వెల్డింగ్‌ని అరగదీసి, సందుల్లో పుట్టీ నింపారు. అయస్కాంతం పెడితే ముక్క మధ్యలో పట్టుకుంది, అంచుల దగ్గర జారిపోయింది. ఆర్సీ ఒక బండిది. మా ఇంటి ముందున్నది ఇంకో బండి. అది ఎవరిదో, ఎవరింటి ముందు నుంచి వచ్చిందో అన్న టెన్షన్‌తో ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అమ్మినాయన మొదటిసారి ఫోన్ చేస్తే "పాత బండి కదన్నా" అన్నాడు. ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. మాలో ఒకరు ఆ వెల్డింగ్ నున్నగా చేయించి రంగు వేయించి వదిలేద్దాం అన్నారు. నలభై ఏళ్లుగా జీపుల పని చేస్తున్న మేస్త్రి వచ్చి చూసి ఒకటే చెప్పాడు: "దాన్ని తాకొద్దు. తాకితే అది మీరు చేసిన పనే అవుతుంది. ఫొటోలు తీసుకుని స్టేషన్‌కి పోండి." మేం పోయాం. ఫిర్యాదు ఇచ్చాం. దర్యాప్తు తేలేదాకా బండి కదపొద్దన్నారు.

మీరు మాత్రం డబ్బు ఇచ్చే ముందు వైర్ బ్రష్, అయస్కాంతం, తెల్లకాగితం, పెన్సిల్ జేబులో పెట్టుకుని వెళ్లండి. నంబర్ చుట్టూ కనీసం జానెడు మేర రంగు గీకి చూస్తామని అడగండి, ఒప్పుకోకపోతే వచ్చేయండి. ప్రింట్ మీ చేత్తో మీరే తీసుకోండి. ప్రభుత్వ వాహన వివరాల యాప్ ఎంపరివాహన్‌లో చూశాం కదా అని ఊరుకోకండి, అందులో కనిపించేది కాగితం సంగతే, కింద ఉన్న ఇనుము సంగతి కాదు. ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల బ్యూరో) డిజిటల్ పోలీస్ పోర్టల్‌లో ఇంజన్ నంబర్, ఛాసిస్ నంబర్ ఇచ్చి దొంగతనం కేసు ఉందేమో చూసుకోవచ్చు. ఇంజన్ నంబర్‌ని కూడా విడిగా చూడండి, మేం చూడలేదు. డబ్బు మొత్తం బ్యాంకు ద్వారానే ఇవ్వండి. మా ఫిర్యాదులో గట్టిగా నిలబడింది బ్యాంకులో వేసిన ఆ 90,000 ఒక్కటే.

అదే యార్డులో మాకు మొదట ఇంకో జిప్సీ చూపించారు. డీజిల్ ఇంజన్ వేశారు, ఆర్సీలో పెట్రోల్ అనే ఉంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం అది కుదరదని తెలుసు కాబట్టి దాన్ని వద్దనుకున్నాం. అంత తెలిసినవాళ్లం కూడా నంబర్ దగ్గర మోసపోయాం.

హొసకోటె రోడ్డు వైపు ఈ ఏడాది కొత్త నల్ల కోటింగ్ వేసిన జిప్సీ కొన్నవాళ్లెవరైనా ఉంటే, ఈ ఆదివారమే ముందు కుడి చక్రం విప్పి ఆ చోటు ఒక్కసారి రుద్ది చూడండి. గీత కనిపిస్తే ఇంకేమీ ముట్టుకోకుండా ఫొటోలు తీసి నాకు చెప్పండి. స్టేషన్‌కి మీతో పాటు నేనూ వస్తాను.