మా కుక్క చిట్టికి కణితి ఆపరేషన్: నిర్ణయానికి ముందు పది రోజులు తీసుకున్న ఆసుపత్రి

మా చిట్టి పదకొండేళ్ళ పమేరియన్ ఆడకుక్క. గత శ్రావణమాసంలో స్నానం చేయిస్తుండగా దాని వెనకకాళ్ళ దగ్గరి చనుమొన పక్కన ఉసిరికాయంత గడ్డ చేతికి తగిలింది. మొదట చూపించిన క్లినిక్‌లో గడ్డను ఒకసారి నొక్కి చూసి, రక్తపరీక్ష గానీ ఎక్స్‌రే గానీ లేకుండానే మర్నాటికి ఆపరేషన్ అన్నారు. మా అమ్మేమో ఈ వయసులో దాన్ని కోయించవద్దని పట్టుబట్టింది. ఎటూ తేల్చుకోలేక పశువైద్య కళాశాలకు అనుబంధంగా ఉన్న ఆసుపత్రికి తీసుకువెళ్ళాము. ఈ సమీక్ష అక్కడి శస్త్రచికిత్స విభాగం గురించి.

అక్కడి డాక్టరుగారు మేము చూపించిన గడ్డతో ఆగలేదు. చనుమొనలన్నిటినీ వరుసగా తడిమి, మా కంటబడని సెనగగింజంత రెండో గడ్డను కనిపెట్టారు. చంకల్లో, గజ్జల్లో గ్రంథులు ఉబ్బాయేమో చూశారు. చివరిసారి ఎప్పుడు ఎదకు వచ్చిందో, గర్భసంచి ఎందుకు తీయించలేదో అడిగారు. మొదటి ఎద రాకముందే ఆ ఆపరేషన్ చేయిస్తే ఇటువంటి కణితులు చాలా అరుదుగా వస్తాయన్న సంగతి మాకు అప్పుడే తెలిసింది. పదేళ్ళ కిందట ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేదన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది.

ఆడకుక్కల్లో వచ్చే రొమ్ము కణితుల్లో దాదాపు సగం ప్రాణాపాయం లేనివేనని, 3 సెంటీమీటర్ల లోపు ఉండగానే తీసేస్తే ఫలితం మెరుగ్గా ఉంటుందని, 5 దాటితే ఆశ తగ్గుతుందని ఆయన కొలిచి మరీ చెప్పారు. చిట్టి గడ్డ 2.8 సెంటీమీటర్లు ఉంది. సూదితో కణాలు తీసి చూసినా ఈ రకం కణితి ఎటువంటిదో కచ్చితంగా తేలదు కనుక, మొత్తంగా తీసి పరీక్షకు పంపడమే మార్గమన్నారు. అయితే అది అప్పటికే ఊపిరితిత్తులకు పాకి ఉంటే కోత వల్ల ఆయుష్షు పెరగదని, అందుచేత ఛాతీకి మూడు కోణాల్లో ఎక్స్‌రే తీసేవరకు తాను అవునని గానీ కాదని గానీ చెప్పనని స్పష్టంగా అన్నారు. నాకు ఆయన మీద గురి కుదిరింది ఆ మాటతోనే.

ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి కానీ, గుండె చప్పుడులో తేడా వినిపించిందని ఎకో (గుండె స్కానింగు) తీయించమన్నారు. చిన్నజాతి కుక్కలకు వయసు మీదపడ్డాక గుండె కవాటం కారడం మామూలేనట. కారడం స్వల్పంగానే ఉందని, మత్తు మోతాదు, సెలైన్ జాగ్రత్తగా చూసుకుంటామని అమ్మకు అర్థమయ్యేలా చెప్పిన తరువాత ఆవిడే సరేనంది. గర్భసంచిలో చీము పట్టే ప్రమాదం కూడా తప్పుతుందని, దానినీ అదే మత్తులో తీసేశారు.

లోపాలూ చెప్పాలి. ఖర్చు అంచనా అడిగితే తప్ప కాగితం మీద ఇవ్వలేదు. పరీక్షలు, ఆపరేషన్, మందులు అన్నీ కలిపి మాకు 27 వేల రూపాయలయ్యాయి. కణితి పరీక్ష ఫలితం వారంలో వస్తుందన్నారు. పదహారు రోజులు పట్టింది. ఆ మధ్యలో ఒక్కసారీ వారి నుంచి ఫోను రాలేదు. మెడకు ప్లాస్టిక్ కోన్ తగిలించుకొని అన్నం గిన్నె అందక తడుముకుంటున్న చిట్టిని చూస్తూ ఆ రోజులు గడపడం చాలా కష్టమైంది. ఇలా ఎదురుచూసేవారికి ఒక కబురు పంపే ఏర్పాటు ఆ విభాగం తప్పక చేయాలి.

వచ్చిన ఫలితం మొదటి గ్రేడు, అంటే తీవ్రత తక్కువ రకం, క్యాన్సర్. కోసిన అంచుల్లో మాత్రం క్యాన్సర్ కణాలు లేవు. మూడు నెలలకొకసారి ఛాతీ ఎక్స్‌రే తీయించమన్నారు. మొదటిది శుభ్రంగా వచ్చింది. రెండోది ఉగాదికి ముందు తీయించాలి, అదే ఆసుపత్రిలో.